మీ ఇంట్లో ఎన్ని నెలలున్నాయి?

(ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న రాయగడలో ఒక ఆదివారం మధ్యాహ్నం తెలుగు మహిళల కోసం బ్యాంకు విశ్రాంత ఉద్యోగిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం. చివర సభలో అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. పిన్నులకీ, వదినలకీ, అక్కచెల్లెళ్లకీ, వెనక గోడవారగా నిలబడ్డ అన్నదమ్ములకీ కూడా. అన్నయ్యలూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ముందుకొచ్చి కూర్చోండి. ఈ లెక్క మీకూ కావాలి.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. జవాబు పైకి చెప్పక్కర్లేదు, మనసులో అనుకోండి చాలు. రేపటి నుంచి మీ ఇంట్లో ఎవరికీ జీతం రాదు, కూలి రాదు, కొట్టు తెరవడం కుదరదు. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా, మెడలో పుస్తెలతాడు తియ్యకుండా, మీ ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుంది? ఒక నెలా? మూడా? పదిహేను రోజులా?

మీ డబ్బు లెక్కంతా ఆ అంకెలోనే ఉంది. ఆస్తి ఎంత, బంగారం ఎన్ని తులాలు, స్థలం ఎన్ని గజాలు అని మనం లెక్కేసుకుంటాం. ఈ మధ్య ఫైనాన్షియల్ ఫ్రీడమ్ అని పిల్లలు ఫోన్లలో వీడియోలు చూస్తున్నారు. అందులో కోట్లు వినిపిస్తాయి. విన్నవాళ్లకి అది మనకి సంబంధించింది కాదులే అనిపిస్తుంది. నేను కోట్ల గురించి మాట్లాడను, నెలల గురించి మాట్లాడతాను. ఇంట్లో ఎన్ని నెలలు నిలవ ఉన్నాయో అంత స్వాతంత్ర్యం ఆ ఇంటికి ఉన్నట్టు.

బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లకి ఊళ్లో అందరి లెక్కలూ తెలుస్తాయి. మిల్లులో పర్మినెంటు ఉద్యోగం ఉండి, నెల సగం గడవకముందే జీతం మీద అడ్వాన్సు దొరుకుతుందా అని అడిగినవాళ్లని చూశాను. సంతలో కూరగాయలు అమ్ముకుంటూ, నెలనెలా రికరింగ్ డిపాజిట్‌కి మడతలు పడ్డ పది రూపాయల నోట్లు తెచ్చి కట్టినావిడనీ చూశాను. ఆవిడ భర్త జబ్బుపడి పనికి వెళ్లలేని రోజుల్లో ఆవిడ ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. రెండో ఇంటి రాబడి మొదటి ఇంటి రాబడిలో సగం కూడా ఉండదు. నెలలు మాత్రం ఆ ఇంట్లోనే ఎక్కువున్నాయి.

సరే, ఒక ఇంటి లెక్క వేద్దాం. ఇది ఎవరి ఇల్లూ కాదు, మనలో చాలామంది ఇళ్లలాంటి ఇల్లు. భర్త తేరుబలి వైపు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, నెలకి 18,000. భార్య ఇంట్లో కుట్టుమిషన్ మీద 6,000 తెస్తుంది. మొత్తం 24,000. ఇంటద్దె 4,000. బియ్యం, పప్పు, కూర, పాలు, గ్యాస్, కరెంటు అన్నీ కలిపి 9,000. ఇద్దరు పిల్లల స్కూలు, ట్యూషను 3,500. పెట్రోలు, ఫోన్ రీఛార్జిలు 1,500. మందులు, చుట్టాల రాకపోకలు 1,000. ఇక్కడికి 19,000 అయింది. దీని పైన గ్రూపు లోను కిస్తీ 2,600, చీటీ 2,000. మిగిలింది 400 రూపాయలు.

ఈ ఇంటికి ఒక నెల అంటే 19,000. లోనూ చీటీ అందులో కలపలేదు, అవి తీరిపోయేవి కదా. మీరు ఇంటికెళ్లాక మీ నెల ఎంతో కట్టండి. ఒకే నెల చూసి చెబితే తప్పు లెక్క వస్తుంది. ఏప్రిల్‌లో ఇక్కడి స్కూళ్లు తెరుస్తారు, పుస్తకాలు, యూనిఫాంలు. జనవరిలో సంక్రాంతి. చైత్రంలో మజ్జిగౌరమ్మ పండగ, ఊరి నుంచి చుట్టాలు దిగుతారు. బండి ఇన్సూరెన్సు ఏడాదికోసారి. వీటన్నిటినీ కూడి పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలపాలి. పండగ ఏటా వస్తుందని అందరికీ తెలుసు, అయినా ప్రతి ఏడూ పండగ ముందు అప్పు కోసం తిరిగే ఇళ్లున్నాయి. పండగ ఖర్చు పెట్టొద్దని నేను చెప్పను. పండగలు లేని ఇల్లు ఇల్లే కాదు. ఆ ఖర్చు ముందే లెక్కలో ఉండాలంటున్నాను, అంతే.

ఇప్పుడు అప్పుల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన ఇళ్లలో నెలలు కారిపోయేది ఇక్కడే.

నూటికి మూడు రూపాయల వడ్డీ అంటాం. వినడానికి చిన్న మాట. మూడు రూపాయలు నెలకి. ఏడాదికి 36. యాభై వేలు అలా తెచ్చుకున్న ఇల్లు నెలకి 1,500 వడ్డీ కడుతుంది, ఏడాదికి 18,000. ఇందాకటి ఇంటి నెల ఎంత? 19,000. అంటే ఆ ఇల్లు ఏటా దాదాపు ఒక నెల బతుకు వడ్డీకి డబ్బిచ్చినాయన చేతిలో పెడుతోంది, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. అయిదేళ్లు అలాగే కట్టినవాళ్లున్నారు. అయిదు నెలలు పోయాయి, యాభై వేలు అలాగే ఉన్నాయి.

ఇంకో విచిత్రం ఏమిటంటే, అదే ఇంట్లో బీరువాలో బంగారం ఉంటుంది. బంగారం కదపడం అపశకునమనుకుని, బయట మూడు రూపాయలకి తెస్తారు. బ్యాంకులో బంగారం మీద అప్పుకి వడ్డీ సాధారణంగా ఏడాదికి తొమ్మిది, పది శాతం దగ్గర ఉంటుంది. ఏడాదికి, అమ్మా. నెలకి ఒక రూపాయి కంటే తక్కువ. బంగారం మీద బ్యాంకులో తెచ్చి బయటి అప్పు తీర్చేసి, ఇన్నాళ్లూ వడ్డీకి కట్టిన 1,500 ప్రతి నెలా బ్యాంకు అప్పుకే కడితే, మూడు, మూడున్నరేళ్లలో అసలుతో సహా తీరి బంగారం ఇంటికొస్తుంది. ఇది బుద్ధిగా కట్టేవాళ్లకే చెబుతున్నాను. బంగారం పెట్టిన డబ్బుతో కొత్త ఫోన్ కొనేట్టయితే బీరువాలోనే ఉంచండి.

గ్రూపు లోన్లు. సరిహద్దు అవతల ఆంధ్రాలో డ్వాక్రా, ఇవతల ఒడిశాలో మిషన్ శక్తి. ఇవి మంచివి. వీటి వల్ల మన ఆడవాళ్లు బ్యాంకు గుమ్మం ఎక్కారు. వాటి పక్కనే ఇంటింటికీ వచ్చి గ్రూపు కట్టించే మైక్రోఫైనాన్సు కంపెనీలూ ఉన్నాయి. ఒక కంపెనీ లోను తీర్చడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకోవడం మొదలయ్యాక ఆ ఇంటికి నిద్ర ఉండదు. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ లోన్ల ఒత్తిడితో ఎన్ని ఇళ్లు కూలిపోయాయో, ప్రభుత్వం ఆ అక్టోబరులో ఎందుకు ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిందో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2022లో రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు పెట్టింది. ఏడాదికి మూడు లక్షల లోపు రాబడి ఉన్న కుటుంబానికి ఇచ్చే పూచీ లేని అప్పుని మైక్రోఫైనాన్సు అప్పు అంటారు. ఆ ఇల్లు కట్టే కిస్తీలన్నీ కలిపి నెల రాబడిలో సగం దాటకూడదు. ముందే తీర్చేస్తానంటే జరిమానా వెయ్యకూడదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకి ఫోన్ చెయ్యకూడదు, తిట్టకూడదు, చుట్టుపక్కలవాళ్ల ముందు పరువు తియ్యకూడదు. రాత్రి ఎనిమిదింటికి ఎవరైనా మీ వాకిట్లో నిలబడి గట్టిగా మాట్లాడితే, భయపడాల్సింది మీరు కాదు.

సంతకం పెట్టేముందు ఒక కాగితం అడగండి. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త అప్పులకి ఇది ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత పడుతుందో అదే చెబుతుంది. ఎందుకు అడగమంటున్నానంటే, పన్నెండు శాతం ఫ్లాట్ అని చెప్పి ఇచ్చే అప్పులున్నాయి. అరవై వేలు రెండేళ్లకి ఫ్లాట్ పన్నెండుతో తీసుకుంటే వడ్డీ 14,400, నెలకి కిస్తీ 3,100. నెలనెలా అసలు తగ్గుతున్నా, వడ్డీ మాత్రం మొత్తం అరవై వేల మీదే వేస్తూ పోతారు. సరిగ్గా లెక్క కడితే అది 21 శాతం దాటుతుంది. పన్నెండని సంతకం పెట్టి ఇరవై ఒకటి కడుతున్నారు. ఆ కాగితం అప్పు తీసుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలో ఉండాలని నియమం. మనలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషు ఫారాలూ అంతే. ఏజెంటు వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెడుతున్నాం. తెలుగులో ఇవ్వండి అని అడగడం తప్పు కాదు. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లతోనైనా చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

మన ఇంటికి తిరిగొద్దాం. గ్రూపు లోను తీరింది, చీటీ అయిపోయింది. ఇప్పుడు నెలకి 4,600 చేతికొస్తుంది. ఆ రోజు చాలా జాగ్రత్తగా ఉండాలి. సరిగ్గా ఆ నెలలోనే కొత్త టీవీ గుర్తొస్తుంది, బండి మార్చాలనిపిస్తుంది. ఎలాగూ ఇన్నాళ్లూ ఆ డబ్బు లేకుండానే బతికారు కదా, అలాగే ఇంకొన్నాళ్లు బతకండి. నాలుగు నెలలు దాటేసరికి ఒక నెల నిలవ చేరుతుంది. రెండేళ్లు దాటితే ఆరు నెలలు, అంటే 1,14,000. ఇది ఎక్కడా తిప్పకండి. బ్యాంకులోనో పోస్టాఫీసులోనో, అడిగినరోజు వచ్చేట్టు ఉంచండి. బ్యాంకులో ఒక్కో మనిషికి అయిదు లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్సు ఉంది, 2020 నుంచి. ఆ భయం అక్కర్లేదు.

చేరిన నెలల్ని ఒక్క దెబ్బలో తుడిచిపెట్టేవి రెండు. జబ్బు, చావు. వీటి గురించి మన ఇళ్లలో మాట్లాడం, అశుభమంటాం. నేను మాట్లాడతాను. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. 70 ఏళ్ల దాకా ఉంటుంది. జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436, ఏ కారణంతో పోయినా రెండు లక్షలు, 18 నుంచి 50 ఏళ్లలోపు చేరాలి. రెండూ కలిపి 456. మన ఇంటి లెక్కలో ఒక్కో రెండు లక్షలూ పది నెలల బతుకు. ఈ రెండూ మే నెలాఖరుకి ఖాతాలోంచి కట్ అవుతాయి. ఆ వారం ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. మే వచ్చిందంటే పాస్‌బుక్‌లో అయిదొందలు ఉన్నాయో లేదో చూసుకోండి.

జబ్బుకి, ఒడిశాలో 2025 నుంచి ఆయుష్మాన్ భారత్ గోపబంధు జన ఆరోగ్య యోజన కార్డు ఉంది. కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షలు, ఆడవాళ్లకి పైన ఇంకో అయిదు లక్షలు. మనవాళ్లకి గుండెలో నొప్పంటే చాలు విశాఖ రైలెక్కడం అలవాటు. కార్డు రాష్ట్రం దాటినా పనిచేస్తుంది, కానీ అన్ని ఆసుపత్రుల్లోనూ కాదు. విశాఖలో ఏ ఆసుపత్రి జాబితాలో ఉందో ఇవాళ, ఒంట్లో బాగున్నప్పుడే కనుక్కుని ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించండి. అంబులెన్సులో కూర్చుని వెతికే పని కాదది. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర డబ్బు వస్తున్నవాళ్లు, ఏడాదికి పదివేలు, దాన్ని ఇంటి ఖర్చులో కలపకుండా విడిగా ఉంచగలిగితే అయిదేళ్లలో యాభై వేలు. మన ఇంటికి రెండున్నర నెలలు పైన. ఆ డబ్బు మీ పేరున వస్తోంది, మీ పేరునే ఉండనివ్వండి.

చీటీల గురించి చెప్పమని ఇందాక ఒక వదిన అడిగింది. వీధిలో ఇరవైమంది ఆడవాళ్లు కలిసి, ఒకరికొకరు మొహాలు తెలిసి వేసుకునే చీటీ ఒకటి. రిజిస్టరైన కంపెనీ చీటీ ఇంకోటి, దానికి 1982 చట్టం ఉంది, కంపెనీ కమిషను ఏడు శాతం దాటకూడదు. ఈ రెండూ సరే. మూడోది అసలు చీటీయే కాదు. మీ డబ్బు మూడేళ్లలో రెట్టింపు చేస్తాం అని, స్థలాలిస్తాం అని, బాండ్లు ఇచ్చే కంపెనీలు. చిట్‌ఫండ్ పేరు చెప్పుకున్నవాళ్లు ఈ రాష్ట్రంలో లక్షల ఇళ్ల డబ్బు తీసుకుని 2013లో బోర్డులు తిప్పేశారు. జస్టిస్ ఎం.ఎం.దాస్ విచారణ కమిషన్ వేశారు, 2014 మేలో సుప్రీంకోర్టు దర్యాప్తు సీబీఐకి ఇచ్చింది. డబ్బు చేరాల్సిన వాళ్లలో ఎంతోమంది ఎదురుచూస్తూనే వెళ్లిపోయారు. మనల్ని ఎవరైనా రెట్టింపు అని పిలిచినప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. పోస్టాఫీసులో కిసాన్ వికాస్ పత్ర ఇప్పుడు 7.5 శాతం వడ్డీ ఇస్తుంది, డబ్బు రెట్టింపవడానికి 115 నెలలు పడుతుంది. ప్రభుత్వానికి తొమ్మిదిన్నరేళ్లు పట్టే పని మూడేళ్లలో చేస్తామనేవాడు అయితే అబద్ధమాడుతున్నాడు, లేదా మీ డబ్బుతో జూదమాడుతున్నాడు. వాడు మన కులంవాడైనా, మన ఊరివాడైనా, మజ్జిగౌరమ్మ మీద ఒట్టేసినా లెక్క మారదు. మనవాడే కదా అనే మాట మీదే తెలుగు ఇళ్లు ఎక్కువ మోసపోయాయి.

ఆరు నెలలు దాటినవాళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇది కష్టమైనది కాదు. ఆడపిల్ల ఉంటే పదేళ్లలోపు ఆ పాప పేరున సుకన్య పొదుపు ఖాతా, ఇప్పుడు 8.2 శాతం. అందరికీ పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు ఖాతా, 7.1 శాతం, పదిహేనేళ్లు. అరవై దాటినవాళ్లకి సీనియర్ సిటిజన్ స్కీము 8.2. ఈ రేట్లు మూడు నెలలకోసారి చూస్తుంటారు, మారొచ్చు. పదేళ్లు ముట్టుకోమనుకున్న డబ్బులో కొంత, షేర్ మార్కెట్ సూచీ వెంట నడిచే ఇండెక్స్ ఫండ్‌లో సిప్‌గా, అంటే నెలనెలా కొంచెం చొప్పున, పెట్టొచ్చు. 2008లో షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఒక్క ఏడాదిలో సగానికి పైగా పడింది. అలాంటప్పుడు అమ్మేసి పారిపోని గుండె ఉంటేనే పెట్టండి. వచ్చే ఏడాది పెళ్లికి దాచిన డబ్బు అందులో పెట్టకండి, ఎవరు చెప్పినా సరే.

కాంట్రాక్టు పని చేసేవాళ్లూ, వెనక ఉన్న అన్నదమ్ములూ ఈ మాట వినండి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మీ పీఎఫ్ డబ్బు తీసేసుకుంటున్నారు. ఇరవై వేలు చేతికొచ్చిందని సంతోషం. ఆ డబ్బుకి 2024-25లో 8.25 శాతం వడ్డీ వచ్చింది. యజమాని వాటాలోంచి కొంత పింఛనుకి పోతుంది, ఆ పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. మధ్యలో తీసేసుకుంటే ఆ పదేళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మీ పీఎఫ్‌కి ఇచ్చే యూఏఎన్ నంబరు ఒకటే ఉంచి, కొత్త చోటికి ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి.

ఇక ఎన్ని నెలలుంటే పని మానేసి బతకొచ్చు? అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో ఆ దేశం లెక్కలు తీసి, దాచిన మొత్తంలో మొదటి ఏడు నాలుగు శాతం తీసుకుని, ఆపైన ధరల ప్రకారం పెంచుకుంటూ పోయినా ముప్ఫై ఏళ్లు గడుస్తుందన్నాడు. నాలుగు శాతం అంటే ఏడాది ఖర్చుకి 25 రెట్లు. మన భాషలో 300 నెలలు. మన ఇంటికి 57 లక్షలు. అది వాళ్ల మార్కెట్టు, వాళ్ల ధరలు. మన దగ్గర ధరలు అంతకంటే వేగంగా పెరుగుతాయి, కాబట్టి నేనైతే 400 నెలలు అంటాను.

ఆ అంకె వినగానే కొన్ని మొహాలు వాడిపోయాయి. కనిపిస్తోంది నాకు. అందుకే ఇంకో లెక్క చెబుతాను. నెలకి వెయ్యి రూపాయల ఖర్చు శాశ్వతంగా తగ్గిన ఇంటికి, మిగిలే వెయ్యి ఒక లాభం. చేరుకోవాల్సిన గమ్యం మూడు నాలుగు లక్షలు దగ్గరకి రావడం ఇంకో లాభం. సొంత ఇల్లు కట్టుకుని 4,000 అద్దె పోయిన ఇంటికి ఒక నెల అంటే 15,000 మాత్రమే. ఉన్న డబ్బే ఎక్కువ నెలలవుతుంది. అలాగని తిండి, మందులు, పిల్లల చదువు తగ్గించి నెలలు పోగెయ్యమని నేను ఎప్పుడూ చెప్పను. ఆడవాళ్లు ముందు తమ పాలు, తమ మందులు తగ్గించుకుంటారు, అది నాకు తెలుసు. అది పొదుపు కాదమ్మా, మీ ఒంట్లోంచి అప్పు తేవడం.

400 అందరికీ చేరదు, నిజమే. ఆరు నెలలున్న ఇంట్లో భర్త, సేఫ్టీ లేని పని నేను చెయ్యనని సూపర్‌వైజర్‌కి చెప్పగలడు. ఇరవై నాలుగు నెలలున్న ఇంట్లో కూతురు డిగ్రీ అయ్యేదాకా సంబంధాలు చూడొద్దని తల్లి చెప్పగలదు. అరవై నెలలున్న ఇంట్లో యాభై అయిదేళ్ల మనిషి నైట్ షిఫ్టు మానగలడు. ఒక్కో మెట్టుకీ బతుకు మారుతుంది. అన్నీ 400 దగ్గరే మారవు.

పెళ్లిళ్ల మాట చెప్పకుండా కూర్చోలేను. సంబంధాలు సరిహద్దుకి రెండు వైపులా కుదురుతాయి మనకి. శ్రీకాకుళం, పార్వతీపురం వాళ్ల లాంఛనాలూ, ఇక్కడ మనం కొత్తగా నేర్చుకున్న హంగులూ రెండూ కలిపి చేస్తున్నాం. అయిదు లక్షల పెళ్లి ఇందాకటి ఇంటికి 26 నెలలు. రెండేళ్లు దాటిన బతుకు రెండు రోజుల్లో వడ్డిస్తున్నాం. మాటలు కుదిరినరోజే ఇరువైపులవాళ్లూ కూర్చుని ఈ నెలల లెక్కలో మాట్లాడుకోండి. కట్నం అడిగే సంబంధానికి అప్పు తెచ్చి పిల్లనివ్వడం కంటే ఆ సంబంధం వదులుకోవడం మంచిది. ఇది నా అభిప్రాయం, గట్టిగానే చెబుతున్నాను.

సరిహద్దులో ఉన్నందుకు మనకి మాత్రమే వచ్చే చిక్కులు కొన్నున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మన ముత్తాతలు ఎక్కడికీ కదల్లేదు, గీత వాళ్లకి అటో ఇటో పడింది. అందుకే మనిషి ఇక్కడ, పొలం అక్కడ. ఖాతా ఇవతల గుణుపురంలో, ఎల్‌ఐసీ పాలసీ అవతల పార్వతీపురంలో. అక్కడ ఇంటిపేరు ముందు రాస్తారు, ఇక్కడ చివర రాస్తారు. ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటుంది. మనిషి బతికున్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. పోయాక క్లెయిము దగ్గర అదే పెద్ద అడ్డమవుతుంది. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషి, ఈ రెండు పేర్లూ ఒకరివే అని అఫిడవిట్ల కోసం రెండు రాష్ట్రాల్లో తిరగడం నా కళ్లతో చూశాను. పేర్లు ఇప్పుడే సరిచేయించుకోండి. ప్రతి ఖాతాకీ నామినీ రాయించండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీలు పెట్టొచ్చు. పదేళ్లు ఎవరూ ముట్టుకోని ఖాతాలో డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోతుంది. పోయినా అడిగి తెచ్చుకోవచ్చు. మీ నాన్నగారి పాత ఖాతా ఎక్కడుందో తెలియకపోతే రిజర్వు బ్యాంకు 2023లో పెట్టిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతో వెతకొచ్చు. పిల్లలతో చూపించండి.

ఇప్పుడు మీరు అడగండి.

ప్రశ్న: మేడం, మా ఆయన జీతం ఎంతో నాకు చెప్పరు. నెలకి ఇంత అని ఇస్తారు. ఈ లెక్క నేనెలా వెయ్యాలి?

చెల్లీ, జీతం తెలియకపోయినా నెల తెలుసు కదా. నెల ఖర్చు మీ చేతి మీదే నడుస్తోంది. ముందు అది రాయండి, మూడు నెలలు రాయండి. ఆ పుస్తకం ఆయన ముందు పెట్టి జీతం ఎంత అని అడక్కండి. మనకి ఎన్ని నెలలున్నాయి, నీకేమైనా అయితే నేను ఎక్కడికి వెళ్లాలి, ఏ కాగితం ఎక్కడుంది అని అడగండి. చాలామంది మగవాళ్లు జీతం దాచేది చెడ్డవాళ్లై కాదు, అప్పు దాచడానికి. ఆ అప్పు బయటపడితే కోప్పడకుండా వినండి. అప్పు ఎంతో తెలిసిన రోజు నుంచే లెక్క సరిగ్గా మొదలవుతుంది. ఈలోగా మీ సొంత డబ్బు ఏమైనా ఉంటే దానికి మీ పేరున విడిగా ఒక ఖాతా తెరవండి.

ప్రశ్న: మాది పార్వతీపురం దగ్గర పుట్టిల్లు. నాన్న పోయారు. రెండెకరాలుంది. పొలంలో వాటా నాకొద్దు అని రాసిచ్చెయ్యమని అన్నయ్యలు నన్ను అంటున్నారు. పసుపు కుంకుమ కింద యాభై వేలు ఇస్తారంట. గొడవ ఎందుకని సంతకం పెట్టేద్దామనుకుంటున్నాను.

గొడవ నాకూ ఇష్టం లేదు పిన్నీ. ఒక్క మాట అడుగుతాను, ఆ రెండెకరాల్లో మీ వాటా విలువ ఎంత? తెలీదు కదా. తెలియకుండా వదులుకోకండి. ఆంధ్రాలో ఆడపిల్లలకి పూర్వీకుల ఆస్తిలో సమానవాటా 1986 చట్టంతోనే వచ్చింది. 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్లయినవాళ్లకి అప్పట్లో లేదు. 2005లో కేంద్ర చట్టం మార్చి, పెళ్లయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమానంగా ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికుండకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకం జరిగి ఉంటే మాత్రం అది అలాగే ఉంటుంది. నాన్నగారు సొంతంగా కొన్న పొలమై, వీలునామా రాయకుండా పోతే, దానిలోనూ అమ్మగారికీ, మీకూ, అన్నయ్యలకీ సమానవాటాలు. మీరు ఒడిశాలో ఉన్నారని, ఇక్కడి ఆధార్ ఉందని ఆ హక్కు పోదు.

కాబట్టి ముందు కాగితాలు. మీసేవలో పొలం రికార్డులు, అంటే అడంగల్, 1-బీ తీయించండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకి ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం తీయించండి, పాత పంపకాలు, తాకట్లు ఉంటే అందులో కనిపిస్తాయి. వాటితో అన్నయ్యల లాయరు దగ్గరకి కాకుండా మీ లాయరు దగ్గరకి వెళ్లి, అర్థమయ్యేట్టు చెప్పించుకోండి. మీ వాటా కౌలుకిస్తే ఏటా ఎంత వస్తుందో, అది మీ ఇంటి ఖర్చులో ఎన్ని రోజులకి సరిపోతుందో లెక్క కట్టుకోండి. అన్నయ్యల్లో ఎవరైనా నిజంగా కష్టంలో ఉంటే, మీకు ఇవ్వాలనిపిస్తే, అప్పుడు మీ చేత్తో ఇవ్వండి. సంక్రాంతికి ఎలాగూ పుట్టింటికి వెళ్తారు కదా, ఈసారి పండగకి రెండు మూడు రోజులు ముందే బయల్దేరండి. భోగి వచ్చిందంటే ఆ ఆఫీసులు తెరవరు.